పల్లీలు లేని పులిహోర

"పల్లీలు వెయ్యనిది కూడా ఒక పులిహోరేనట్రా?" అని మా అత్తగారు సీతాదేవి మూడోసారి అంటున్నారు.

"నట్ ఎలర్జీ అంటే నీకు తెలీదమ్మా. ఇక్కడ నిజంగానే ప్రాణాలు పోతాయి. రెండు పార్టీల వాళ్ళూ వస్తున్నారు, ఒక్కరికి ఏమైనా అయినా నా పరువు పోతుంది" అని మా ఆయన ఆంజనేయప్రసాద్. చింతపండు పిసుకుతున్న చెయ్యి నాది కనుక నా అభిప్రాయం ఎవరికీ అవసరం పడలేదు.

ఆదివారం ఇక్కడ కెనడాలో, మా మార్కమ్ కమ్యూనిటీ సెంటర్లో మీటింగు. అక్కడ అడిగేది ఇదీ: ఇమిగ్రేషన్ చట్టం మనుషుల్ని మనుషుల్లా చూడాలి, దొంగదారులూ మూసెయ్యాలి, రెండు పార్టీలూ కలిసి ఒప్పుకోవాలి. లేకపోతే ఈ పార్టీ రాసింది ఆ పార్టీ వచ్చి కొట్టేస్తుంది. కన్వీనర్ మా ఆయన. పార్టీ ఆఫీసులకి ఫోన్లు చేసిందీ, "మానవత్వం" అనేవాళ్ళ పక్కన "సెక్యూరిటీ" అనేవాళ్ళని కూర్చోడానికి ఒప్పించిందీ నేను. ఆయనకి ఆఫీసు కాల్స్ ఉంటాయి మరి.

చివర్లో నాకు రెండు నిమిషాలు ఇచ్చారు. "స్పాన్సర్‌షిప్ మీద వచ్చి హాయిగా సెటిలైన భార్యగా మాట్లాడు. పట్టుచీర కట్టుకో. స్పీచ్ నేను రాసిస్తా" అన్నారు.

హాయి! పెళ్ళయిన ఏడాదికి నేను వచ్చినప్పుడు ఒక రూలుండేది. కొత్తగా పెళ్ళయి వచ్చిన భార్య రెండేళ్ళు భర్తతో కాపురం చెయ్యకపోతే పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, పోతుంది. రెండేళ్ళు దాటినా అది వర్తిస్తుందని ఆయనంటే నమ్మాను. ఆ రూలు మా ఇంట్లో అన్నిటికీ పనికొచ్చింది. కూరలో ఉప్పెక్కువైతే ఆయన, "ఇమిగ్రేషన్ వాళ్ళకి ఒక్క మెయిల్ కొట్టానంటే రేపటి ఫ్లైట్లో ఉంటావు." డేకేర్ కోర్సులో చేరతానంటే అదే మెయిల్. మా అమ్మాయి ధాత్రి పుట్టాక, "పిల్ల కెనడియన్. నువ్వు కాదు. ఆలోచించుకో." సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తానంటే, "పాత ఫైలు తెరిపించావంటే మునిగేది నువ్వే." అత్తగారు వచ్చినప్పుడల్లా, "మావాడు నీకు తాళి ఒక్కటే కాదే, పీఆర్ కార్డు కూడా కట్టాడు" అనేవారు. చెంప కమిలిన రోజున ఓవెన్ తలుపు తగిలిందని పక్కింటావిడకి చెప్పాను. ఆ మెయిల్ వెళ్ళకూడదు కదా.

కిందటి నెల ఒక పార్టీ ఆఫీసులో పనిచేసే హర్లీన్ అనే పంజాబీ అమ్మాయిని ఫోన్లో అడిగాను, ఆ రూలు కూడా తీసెయ్యమని మీటింగులో అడగొచ్చా అని. ఆ పిల్ల, "ఆంటీజీ, దాన్ని ఎప్పుడో తీసేశారు. ఉన్నప్పుడు కూడా రెండేళ్ళకే" అంది.

స్టవ్ ఆపేశాను. ఇన్నేళ్ళూ లేని రూలుకి వండి పెట్టాను! ఆయనకి తెలియదా అనుకుందామంటే, ఇమిగ్రేషన్ చట్టం మొత్తం నోటికొచ్చిన కన్వీనర్ ఆయె. ఏడుపు రాలేదు. పచ్చిమిరపకాయ కొరికినట్టు మంట మొదలైంది. చల్లార్చుకోవాలని లేదు. ఆ మంటతోనే మళ్ళీ ఫోన్లు చేశాను, ఈసారి నా కోసం.

"శ్యామలా, స్పీచ్ ప్రాక్టీస్ చేశావా?" అన్నారాయన పల్లీల గొడవ వదిలేసి. "'మా ఆయన నాకు కొత్త జీవితం ఇచ్చారు' అన్నచోట కొంచెం ఆగు. చప్పట్లు పడతాయి."

చేతులు కడుక్కున్నాను. ధాత్రి హోంవర్క్ మీంచి తలెత్తింది.

"అది చదవను" అన్నాను నెమ్మదిగా. "మొదట మాట్లాడేది నేనే. స్పాన్సర్‌షిప్ మీద వచ్చిన భార్యని ఇమిగ్రేషన్ ఆఫీసర్లు భర్త లేకుండా విడిగా కూర్చోబెట్టి, ఆమె హక్కులేమిటో ఆమె భాషలో చెప్పాలని అడుగుతున్నాం. దొంగపెళ్ళిళ్ళు కూడా అక్కడే బయటపడతాయని సెక్యూరిటీ వాళ్ళూ ఒప్పుకున్నారు. రెండు పార్టీలూ సరేనన్నాయి."

"డాడ్‌కి తెలుసా, మామ్?" అంది ధాత్రి ఇంగ్లీషులో.

"ఇప్పుడు తెలిసింది."

అత్తగారి చేతిలో పల్లీల డబ్బా అలాగే ఉండిపోయింది.

"అడగడం సరే. ఇంకేం చెప్తావక్కడ?" అన్నారాయన. ఆ గొంతులో భయం నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ అది నాదే.

"కొత్తగా ఏమీ లేదండీ. ఈ వంటింట్లో మీరు నాతో అన్నవే, ఒక్కమాట మార్చకుండా. మీకు ముందు వరసలో, రెండు పార్టీల వాళ్ళ మధ్యే కుర్చీ వేయించాను."