తలుపు చప్పుడు

ఆ పొద్దున మబ్బు ఎంత కిందికి దిగిందంటే మేం అద్దెకుండే రేవెన్ కోర్ట్ భవనాల పై అంతస్తులు కనపడలేదు. తడిసిన కాంక్రీటూ మబ్బూ ఒకే రంగు. ఐసిల్డా రాత్రంతా ఆసుపత్రి నేలలు తుడిచి ఇంటికొస్తే, ఆమె తలుపుకు ఇనుపరేకు బిగించి ఉంది. కిటికీలోంచి చూసింది. మళ్లీ ఎవరూ కాపురం ఉండకుండా సింకూ, టాయిలెట్టూ సుత్తితో పగలగొట్టి పోయారు.

"ఖాళీ ఇల్లనుకున్నాం" అన్నాడు, ఆమె ఆఫీసుకెళ్లి అడిగితే, కౌన్సిల్ గుమాస్తా.

"నా పరుపూ ఖాళీగానే కనపడిందా?" అంది ఐసిల్డా.

మా భవనాలు కూల్చి ఆ నేల ఒక కంపెనీకి ఇవ్వాలని వాటి యజమాని అయిన నగర కౌన్సిల్ చూస్తోంది. జనం లేరని చూపిస్తే పని సులువు.

మెట్ల దగ్గర అందరం చేరాం. "ఏ ఇల్లు ఖాళీయో మనలోనే ఎవడో వాళ్లకు చెబుతున్నాడు" అన్నాడు కోలమ్, గని మూతబడి పనిపోయినవాడు. చూపు నా మీద. "ఈయన చీకటి పడితే వరండాలు తిరుగుతాడు. ఎందుకో?"

నేను పల్లెలో గొర్రెలు కాసి వచ్చినవాణ్ని. "నిద్ర పట్టక" అన్నాను.

"గొర్రెల మీద బెంగేమో పాపం!" అంది డోరీన్. నవ్వారు. నమ్మలేదు.

"అనుమానమైతే నాతో రా" అన్నాను కోలమ్‌తో.

ఆ సాయంత్రమే బయల్దేరాం. చలికాలం, టీ వేళకే చీకటి. పొడుగాటి వరండాల్లో మా అడుగుల చప్పుడే ఎదుటి భవనానికి తగిలి, ఎవరో వెంబడిస్తున్నట్టు తిరిగొచ్చేది. ఇద్దరం ఒకరినొకరు ఓరగా చూసుకుంటూనే నడిచాం. కింది వరండాలో టార్చి వెలుగు కదిలింది. స్తంభం చాటున నిలబడ్డాం.

ఇద్దరు మనుషులు. డోరీన్ తలుపు గట్టిగా బాదారు. వంటింటి దీపం ఆరిపోయింది. కాసేపు చూసి, తలుపు అడుగున సుద్దతో గీత గీశారు. పక్క ఇంట్లో టీవీ నోరు మూసుకుంది. అక్కడా గీత. తలుపు తీయని ఇల్లు ఖాళీ అని వాళ్ల లెక్క.

కోలమ్ బూతు మింగాడు. రేవెన్ కోర్ట్‌లో మావాళ్లు వంటింటి కిటికీ మీద గోటితో కొడతారు. తలుపు బాదేవాడు బాకీ కింద సామాను జప్తుకొచ్చినవాడే. తలుపు మోగితే దీపం ఆర్పి ఊపిరి బిగబట్టమని పిల్లలకూ నేర్పాం.

అందర్నీ డోరీన్ వంటింట్లో చేర్చి చెప్పాం. ఐసిల్డా తల వంచుకుంది. "మొన్న కొట్టినప్పుడు లోపలే ఉన్నా. చీకట్లో కూర్చున్నా."

"ఇకమీదట తలుపు తీద్దాం" అన్నాడు కోలమ్.

"నీకేం! జప్తువాడొస్తే నా టీవీ నువ్వు కొనిస్తావా?" డోరీన్ మండిపడింది.

"ఒక తలుపు కొడితే అన్నీ తెరుచుకోవాలి. ఇంతమంది మధ్య ఎవడు మోసుకుపోతాడు?" అన్నాను.

చాలాసేపు తిట్టుకున్నారు. చివరికి డోరీన్, "గొర్రెలాయన నోరు విప్పాడంటే చూడాల్సిందే" అంది.

మర్నాడు సాయంత్రం వాళ్లు మళ్లీ వచ్చి డోరీన్ తలుపు బాదారు. తెరిచింది. పక్క తలుపు తెరుచుకుంది. దాని పక్కదీ. వరండా పొడుగునా కాంక్రీటు మీద వెలుగు పడింది. జనం గడపల్లో నిలబడ్డారు.

"ఏ ఇల్లు ఖాళీ నాయనా? చూపించు" అంది డోరీన్.

సుద్ద పట్టినవాడు వెనక్కి తగ్గాడు. "పోలీసుల్ని తెస్తాం!"

"తెచ్చుకో. చూసేవాళ్లున్నారుగా!"

గునపాలతో ఐసిల్డా తలుపు రేకు పీకేశాం. పగిలిన పింగాణీ ఒక మూలకు ఊడ్చాం. కోలమ్ వేయించిన చేపా, బంగాళాదుంప ముక్కలూ పొట్లాలు తెచ్చాడు. నేల మీద కూర్చుని విప్పాం.

కింద పోలీసు బండ్లు ఆగాయి. మెట్ల మీద బూట్లు. తలుపు మీద దెబ్బ. డోరీన్ చెయ్యి అలవాటుగా దీపం మీటవైపు పోయి, ఆగింది.

ఐసిల్డా లేచి తలుపు బార్లా తెరిచింది. వాళ్లవైపు చూడకుండా వచ్చి తన చోట కూర్చుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. అందరం తింటూనే ఉన్నాం.