పరాయి సమాధికి వేసిన సున్నం

"మనవాళ్లకే సున్నం చాలట్లేదంటే, ఆ మూల సమాధికెందుకే?" అని పోయినేడు అత్తమ్మ అడిగింది. వినబడనట్టు బకెట్ నింపుకున్నాను.

మార్చిలో రెండో బుధవారం, పోయినవాళ్లని తలుచుకునే రోజు, మా బాంగా ఊరంతా శ్మశానంలోనే ఉంటుంది. సమాధులు కడిగి సున్నం వేయాలి. అత్తింటివాళ్లవి ఏడు. నేను చూడని మామగారు, బతికున్నన్నాళ్లూ నన్ను తిట్టిన ఆడపడుచు, అందరినీ నేనే తోముతాను. మా ఆయన ముల్బా నీడలో కూర్చుని, "ఆ అంచు వదిలేశావు" అంటాడు.

ఏడూ అయ్యాక గోడ పక్కనున్న చిన్న సమాధి దగ్గరికి వెళతాను. దానిమీద పేరు లేదు. యుద్ధంలో ఊరు వదిలి పారిపోతుంటే నా పెద్దపిల్ల జ్వరంతో దారిలోనే పోయింది. నాలుగేళ్లది. చేతులతో తవ్వి పూడ్చాను. తిరిగొచ్చి వెతికితే ఆ చోటును అడవి మింగేసింది. మా లైబీరియా యుద్ధాన్ని లోకం మరిచిపోయింది. మా ఇంట్లోవాళ్లు అంతకంటే ముందే మరిచిపోయారు. పన్నెండేళ్లుగా ఈ దిక్కులేని సమాధినే నా పిల్లదనుకుంటున్నాను.

ఈ ఏడు వెళ్లేసరికి అక్కడొకామె మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నా బకెట్ చూసింది.

"ఇన్నేళ్లూ సున్నం వేసింది నువ్వేనా?"

బకెట్ కింద పెట్టి తలూపాను.

"నా పేరు కోర్తో. పద్నాలుగేళ్లు గినీ శిబిరంలో ఉండి మొన్ననే వచ్చా. నా కొడుకు మీద తుప్పలు మొలిచుంటాయని కత్తి తెచ్చుకున్నా. చూస్తే వీడు పెళ్లికొడుకులా ఉన్నాడు. నువ్వు మాకేమవుతావు?"

"ఏమీ కాను. నా పిల్లకి సమాధి లేదక్కా. నీవాడు ఒంటరిగా కనిపించాడు. తప్పయిపోయింది, వెళ్లిపోతాను."

ఇక ఈ చోటు కూడా నాది కాదు. బకెట్ ఎత్తబోయాను. ఆమె కాస్త పక్కకి జరిగింది.

"కూర్చో. వీడికి మూడేళ్లు. మహా పెంకి. నీ పిల్లకెన్ని?"

"నాలుగు."

"అయితే వీడికి అక్క. చెవి మెలేసే ఉంటుందిలే. పేరేంటి?"

ఆ పేరు పలికితే అరిష్టమని అత్తమ్మ, మళ్లీ ఏడుపు మొదలుపెడతావని ముల్బా, నా నోరు నొక్కేస్తూనే వచ్చారు.

"నొవాయి," అన్నాను.

ఇద్దరం కలిసి సున్నం వేశాం. ఆ తడి సున్నం మీద కోర్తో వేలితో తన కొడుకు పేరు రాసింది. పక్కనే నా చేత నొవాయి పేరు రాయించింది.

"గర్మాయీ!" అవతల నుంచి ముల్బా కేకేశాడు. "ఆకలేస్తోంది. అన్నం ఎవరు పెడతారు? ఎవరిదా సమాధి, అక్కడే కూలబడ్డావు?"

"మన పెద్దమ్మాయిది," అన్నాను. "వచ్చి పలకరించండి. వచ్చేటప్పుడు అన్నం గిన్నె మీరే మోసుకురండి."