ఫలక్‌నుమా బ్రిడ్జి దిగుతుంటే

నయాపూల్ దగ్గర ఒక దవాఖానల రక్తం నమూనాలు తీసే పని నాది. పొద్దున ఆరున్నరకల్లా డ్యూటీల ఉండాలె. గంత పొద్దుగాల మా దిక్కు బస్సులు సరిగ దొరకవు. అందుకే ఫలక్‌నుమా అవతలి నుంచి రోజూ సైకిల్ మీదనే పోత.

జనవరి మొదటి వారంల ఒకనాడు గేటు తీస్తే ఎదురిల్లే కనవడలే. అంత మంచు నా పుట్టుకల చూడలే.

"ఇయ్యాల సెలవు పెట్టు పూజితా," అన్నది అమ్మ.

"మెల్లగ పోత తియ్యే," అని బయల్దేరిన.

రైల్వే బ్రిడ్జి ఎక్కేదాక మంచిగనే ఉన్న. దిగుడు మొదలైనంక భయం పట్టుకుంది. మీద లైట్లున్నయి గని వెలుగు రోడ్డు దాక వస్తలేదు. వెనక నుంచి లారీ హారన్ కొట్టింది. ఎంత దూరంల ఉందో తెలుస్తలేదు. బ్రేకు ఒత్తుదామంటే వేళ్లు వంగలే. చలికి కొయ్యలైనయి. సైకిల్ దానంతట అదే ఉరుకుతుంటే "జరుగుండ్రి, జరుగుండ్రి" అని ఒర్రుకుంటనే పోయిన.

ఎవరికో గట్టిగ తాకిన. ఏదో డబ్బా గలగలమని దొర్లింది. నేను పక్కకు వడ్డ. లారీ నన్ను రాసుకుంటనే పోయింది, దాని గాలి మొఖానికి కొట్టింది.

ఆ తర్వాత చప్పుడు లేదు.

పాక్కుంట పోయి తడిమిన. ఒక ముసలాయన. చేతికి వెచ్చగ, తడిగ తగిలింది. రోజూ నెత్తురు చూసేదాన్నే, గని చెయ్యి టక్కున వెనకకు గుంజుకున్న. "బాపూ... బాపూ..." పలుకుతలేడు.

అప్పుడు నా మనసులకు వచ్చింది చెప్పాలంటే సిగ్గయితది. ఎవ్వరు చూడలే. గీ మంచుల పోతే నన్నెవరు పడ్తరు? సైకిల్ లేపిన. ఒక కాలు పెడల్ మీద పెట్టిన గూడ.

"సత్తెమ్మా," అని మూలిగిండు ఆయన.

సైకిల్ ఇడిసిపెట్టిన. ఫోన్ లైటు వేస్తే రోడ్డంత తెల్లగుంది. నా చేతికి తగిలింది పాలు, అప్పుడే పిండిన పాలు. కాకపోతే ఆయన నుదురు పలిగింది, ఎడమ చెయ్యి వంకర తిరిగింది. ఇంకో బండి వస్తే ఇద్దరం పోతం. ఆయన్ను చంకల కింద పట్టి రోడ్డు వారకు గుంజిన. లైటు ఊపుకుంట మొత్తుకున్న. ఎంతసేపటికో ఒక ఆటో ఆగింది.

"క్యా హువా బెహెన్?"

"నేనే గుద్దిన భాయ్. జల్దీ దవాఖానకు పోనియ్."

ఆయన పేరు బీరయ్య. జహనుమా బస్తీల బర్లున్నయి, రోజూ ఇండ్లకు పాలు పోస్తడు. నుదుటికి నాలుగు కుట్లు పడ్డయి. మణికట్టు బొక్క విరిగిందని పట్టీ వేసిండ్రు. ప్రాణానికి ఫికర్ లేదన్నడు డాక్టర్. గప్పటికి కబురందుకొని ఆయన భార్య సత్తెమ్మ ఉరుక్కుంట వచ్చింది.

"ఎవడు గుద్దిండు?"

"నేనేనమ్మా."

నన్ను కింది నుంచి మీదిదాక చూసింది. "కండ్లు యాడ పెట్టుకున్నవే? మనిషిని సంపుతుంటివి గద!" వార్డంత వినేటట్టు తిట్టింది. తల వంచుకొని నిలవడ్డ. తిట్టుకుంట తిట్టుకుంటనే మధ్యల టక్కున ఆగింది.

"ఆ మోకాలేంది గట్లయింది?"

చూసుకుంటే సల్వార్ చినిగి నెత్తురు గడ్డకట్టింది. అప్పటిదాక నాకే తెల్వదు.

సత్తెమ్మ మంచం కొసకు జరిగింది. "కూసో. ముందుగాల అది కడిగిచ్చుకో. మిగిలిన తిట్లు తర్వాత తిడ్త."