పిల్లికో మూల

"నీ పిల్లి మళ్లీ నా చొక్కాల మీద ఉచ్చ పోసింది" అన్నారు మా ఆయన, చొక్కాల కాలర్లని రెండు వేళ్లతో పట్టుకుని వంటింట్లోకి వస్తూ.

ఒళ్లో ముడుచుకుని పడుకున్నప్పుడు అది మన పిల్లి. తప్పు చేస్తే నా పిల్లి. మా అమ్మాయి విషయంలోనూ ఇదే పద్ధతి. చొక్కాలు అందుకుని నానబెట్టాను. నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు పీకుతుంటే నిలబడి ఇస్త్రీ చేసినవే అవి.

"పొగరు దానికి" అన్నారు అత్తయ్య. "నువ్విచ్చిన అలుసే. ఈ ఆదివారం ఎవరికైనా ఇచ్చెయ్. తీసుకునేవాళ్లు లేకపోతే మార్కెట్ దగ్గర వదిలేసి రా." మామయ్య పేపరు చదువుతూనే తలూపారు. మా ఇంట్లో తీర్పులు ఇలాగే అయిపోతాయి. నేను పని నుంచి వచ్చేసరికి గుమ్మంలోకి ఎదురొచ్చేది అదొక్కటే. అడిగితే తిండి అడుగుతుంది గానీ, ఎందుకింత ఆలస్యమని అడగదు.

సగం రోజు సెలవు పెట్టి దాన్ని బుట్టలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పొత్తికడుపు దగ్గర నొక్కగానే పిల్లి సన్నగా మూలిగింది. ఆ నొప్పి ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు.

"ఇసుక ట్రే ఎక్కడ పెట్టారు?"

"బాత్రూం బయట నడవలోనండీ. వాషింగ్ మెషీన్ పక్కన."

"అక్కడ మనుషులు తిరుగుతుంటారా?"

నవ్వొచ్చింది. అయిదుగురికి ఒకటే బాత్రూం. పొద్దున్నే ఆ నడవలో భుజాన తువ్వాళ్లేసుకుని వరసలో నిలబడతాం.

"అదీ సంగతి. ఇది పొగరు కాదమ్మా, జబ్బు. పక్కన మెషీన్ గడగడలాడుతుంటే, ఎవరో ఒకరు నెత్తిన నిలబడి ఉంటే, అది ఎలా పోస్తుంది? బిగబట్టింది. బిగబట్టీ బిగబట్టీ లోపల వాచింది. మంట ఓర్చుకోలేక మెత్తగా కనబడ్డచోట పోసేస్తోంది." మందుల చీటీ రాస్తూ చెప్పుకుపోయారు. "ఎవరూ నడవని మూల చూసి ట్రే పెట్టండి. రెండు పూటలా శుభ్రం చెయ్యండి. నీళ్లు తిండి పక్కన కాకుండా విడిగా పెడితే ఎక్కువ తాగుతుంది. అది ట్రేలో ఉన్నప్పుడు పిలవొద్దు, తొందరపెట్టొద్దు. మీలాంటి సందడి ఇంట్లో పిల్లిని పెంచాలంటే ముందు దాని చోటు దానికివ్వాలి. పిల్లులు నొప్పి బయటపెట్టవమ్మా. మనమే కనిపెట్టుకోవాలి."

"మనుషులకీ ఇలాగే అవుతుందా?" అనేశాను.

ఆవిడ రాయడం ఆపి నావైపు చూశారు. "మీకు మంటగా ఉంటోందా?"

"అబ్బే... అప్పుడప్పుడూ."

"నేను జంతువుల డాక్టర్ని. మీరు మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముందు నీళ్లు బాగా తాగండి."

ఎలా తాగను? పొద్దున్నే బాత్రూంలోకి ముందు మామయ్య, పెద్దవారు కాబట్టి. తర్వాత ఈయన, ఆఫీసుంది కాబట్టి. తర్వాత అమ్మాయి, స్కూలు బస్సు. తర్వాత అత్తయ్య. నాకూ డ్యూటీ ఉంది, నాకూ బస్సుంది, కానీ నేను లోపలికెళ్లి గడియ పెట్టేసరికి తలుపు దబదబ మోగుతుంది. "ఇంకా ఎంతసేపు? పాలు పొంగిపోతున్నాయి!" పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లు ఆ మంట తగ్గించొచ్చు కదా అనుకుంటూ మధ్యలోనే లేచొచ్చేస్తాను. సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ నాది. లేవాలంటే సూపర్‌వైజర్ని పిలవాలి. "ఇందాకేగా వెళ్లావ్?" అంటాడు, లైన్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా. ఆ మాట పడలేక సీసాలో నీళ్లు సీసాలోనే ఇంటికి తెస్తాను.

డాక్టరమ్మ చెప్పింది చెప్పగానే ఇంట్లో అందరూ కదిలిపోయారు. ఈయన బాల్కనీలో చెప్పుల స్టాండు తీసేసి ఆ మూలంతా ఖాళీ చేశారు. మామయ్య టీవీ సౌండు తగ్గించారు. "పాపం, నోరులేని జీవి. ఎంత ఓర్చుకుందో" అని అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. నాకు సంతోషంగానే ఉంది. పిల్లి ఇంట్లోనే ఉంటుంది. కానీ ఆ సంతోషం వెనకే ఏడుపొచ్చింది. నేను నోరున్నదాన్ని. నోరెక్కువని పేరు కూడా ఉంది. ఇన్నేళ్లలో ఆ నోటితో ఈ ఒక్క సంగతీ చెప్పుకోలేదు, వాళ్లెవరూ కనిపెట్టనూ లేదు.

మర్నాడు పొద్దున్న తడిబట్టలు ఆరేద్దామని బాల్కనీ వైపు వెళ్తుంటే ఈయన చెయ్యి అడ్డం పెట్టారు. "ష్! అటెళ్లకు. అది పోసుకుంటోంది, పాపం."

బకెట్ అక్కడే దించేశాను. వంటింట్లోకి వెళ్లి చెంబుడు నీళ్లు గటగటా తాగాను, పొయ్యి మీద పాలు దించేశాను. తువ్వాలు భుజానేసుకుని వస్తున్న మామయ్య కంటే ముందే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టాను.

కాసేపటికి తలుపు మోగింది. "ఎవరు లోపల?" ఈయన గొంతు.

"నేనే."

"నాన్న నిలబడున్నారు. తొందరగా రా."

కాళ్లు అలవాటుగా లేవబోయాయి. బలవంతాన కూర్చోబెట్టాను.

"తొందరపెట్టకండి. నేనింకా పోసుకుంటున్నాను."