మల్లవ్వ ఇంటికొచ్చిన ఐసు డబ్బా

పెద్ద ఆఫీసరు ఇంటికొస్తున్నాడంటే ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? మల్లవ్వ కూడా అదే చేసింది. నాచారం కంపెనీల వెనక ఉన్న తన రేకుల గదిని పొద్దున్నే కడిగింది. గడప ముందు ముగ్గేసింది. మూడేళ్ల మనవరాలు దుర్గాభవానికి తలంటి, కాటుక పెట్టి మంచమ్మీద కూర్చోబెట్టింది. అంతకుముందే పిల్ల దొడ్డికి పోతే, దాన్ని ఆనవాలు లేకుండా కడిగి పారబోసింది.

వచ్చే ఆఫీసరు సరిగ్గా దానికోసమే వస్తున్నాడు!

భవానికి జ్వరం వచ్చి తగ్గిన మర్నాడే కాళ్లు పడిపోయాయి. లేవబోయి కూలబడింది, మళ్లీ లేవలేదు. కొడుకు నరేందర్, కోడలు ఇద్దరూ డ్యూటీలకు పోయేవాళ్లు. మల్లవ్వే నూనె పెట్టి పిసికించింది, తాయెత్తు కట్టించింది, ఉప్పల్‌లో ఎవరో పసరు పోస్తారంటే ఆటో కట్టించుకుని పోయింది. అట్లా పది రోజులు దాటిపోయాయి. చివరికి పిల్లల డాక్టరుకు చూపిస్తే ఆయన పెద్ద దవాఖానాకు పంపాడు. వాళ్లు ప్రాణానికి ఫికర్ లేదని చెప్పి, మందులిచ్చి ఇంటికి పంపారు. మొదట చూసిన డాక్టరు మాత్రం అప్పుడే ఎవరికో ఫోన్ చేశాడు. సాయంత్రానికల్లా బస్తీ నర్సు స్వర్ణలత ఒక డబ్బా పట్టుకుని వచ్చింది.

"అవ్వా, పొద్దుగాల పిల్ల దొడ్డి గీ డబ్బల పట్టిపెట్టు. డాక్టరు సారొచ్చి తీస్కపోతడు."

సరేనన్నదే గానీ, తెల్లగా మెరిసే ఆ కొత్త డబ్బాను చూస్తే మల్లవ్వకు చెయ్యి రాలేదు. అంత పెద్దాయన చేతికి అదెట్లా ఇవ్వడం? మర్యాద ఉండొద్దా? డబ్బాను ఇంకోసారి తోమి, దేవుడి పటాల పక్కన పెట్టింది.

సంగతి తెలిసి స్వర్ణలత నెత్తి పట్టుకుంది. ఐసు డబ్బా భుజాన వేసుకొచ్చిన ఆరోన్ డాక్టరు మాత్రం నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఈ పక్కంతా తిరిగే మనిషి ఆయన. ఇట్లాంటి మర్యాదలు ఆయనకు కొత్తేం కాదు.

"గిది పోలియోనేనా సారూ?" మల్లవ్వ ముందుకొచ్చి అడిగింది. ఆమె తమ్ముడు ఉప్పలయ్య పసితనంలో ఇట్లాగే కూలబడ్డాడు. అప్పటినుంచి ఊళ్లో చేతుల మీదే పాకుతున్నాడు. పది రోజులుగా ఆమె కళ్ల ముందు ఉన్నది ఆ చేతులే.

"అయితదో కాదో తెల్సుకునేటందుకే గీ పరీక్ష అవ్వా. ఇయ్యాల ఒకటి, రేపొకటి తియ్యాలె. కాళ్లు పడ్డంక రెండు వారాలు దాటితే పనికి రాదు. గడువు దగ్గరపడ్డది."

"పరీక్ష జేస్తే కాళ్లొస్తయా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "ఆ సంగతి మందులు జూస్కుంటయి. కానీ గిది గదే అయితే, ఈ గల్లీ పిల్లలందరికి మళ్ల చుక్కలెయ్యాలె. ల్యాబువాళ్లు ఢిల్లీకి చెప్తరు, ఢిల్లీవాళ్లు జెనీవాల మా పెద్దాఫీసుకు చెప్తరు. అందరు నీ మనుమరాలి కోసమే సూస్తున్నరు."

"నా పిల్ల దొడ్డి కోసం ఢిల్లీల కూసున్నరా?" మల్లవ్వ నోరెళ్లబెట్టింది. ఆ మాట మీద లేచింది. పిల్లకు అరటిపండు పెట్టింది, గోరువెచ్చటి పాలు తాపింది, పిల్ల పొట్ట నిమిరింది. డాక్టరుకు చాయ్ మీద చాయ్ పోసింది. గల్లీ ఆడవాళ్లంతా కిటికీ దగ్గర చేరి తలా ఒక సలహా ఇచ్చారు. వేడుక చూడ్డానికొచ్చిన పిల్లల్ని మల్లవ్వ ఒక్కొక్కరినీ తేరిపార చూసింది. వీళ్లలో ఏ ఒక్కరూ ఉప్పలయ్య కాకూడదు.

మధ్యాహ్నం దాటాక, కొలువొచ్చిన కొడుకు సంగతి చెప్పినంత సంబరంగా అరిచింది, "సారూ, అయింది!"

డాక్టరు దాన్ని ఐసులో పదిలంగా పెట్టుకున్నాడు. మర్నాడొచ్చి రెండోదీ తీసుకుపోయాడు.

అది పోలియో కాదని ల్యాబు చెప్పింది. వేరే నరాల జబ్బట. నెమ్మది మీద తగ్గుతుందన్నారు, తగ్గింది. రెండు నెలలకు డాక్టరు మళ్లీ గుమ్మంలో కనిపించేసరికి మల్లవ్వ కంగారుపడింది.

"మళ్ల డబ్బానా సారూ?"

"లేదవ్వా. పిల్ల నడుస్తదా లేదా సూసిపోదామని."

భవాని నడవలేదు, గల్లీ చివరిదాకా ఉరికింది. ఆయన ఏదో రాసుకుని, పిల్ల తల నిమిరి లేచాడు. మల్లవ్వకు కన్నీళ్లాగలేదు. ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"మా తమ్మునికి గిట్ల ఒక్కలన్న రాకపాయె బిడ్డా. నువ్వొచ్చినవు. నీ కడుపు సల్లగుండ."

ఆయన మళ్లీ మంచమ్మీద కూర్చున్నాడు. "ఇంకో చాయ్ పొయ్యి అవ్వా" అన్నాడు.

రెండువేల పధ్నాలుగు ఎండాకాలం మొదట్లో స్వర్ణలత పనిగట్టుకుని వచ్చి చెప్పింది. దేశంలో పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాగితం ఇచ్చిందట. మల్లవ్వ అప్పటికప్పుడు నరేందర్ సెల్లు అందుకుని ఊరికి ఫోన్ కలిపించింది.

"తమ్మీ, ఇగ ఏ పిల్ల గూడ నీ తీర్గ పాకదంటరా."

అవతల ఉప్పలయ్య అడిగింది ఒక్కటే.

"మన భవాని ఉరుకుతుందా అక్కా?"

"ఉరుకుతుందిరా. పట్టుకుందామంటే దొరుకుతలేదు."

"పట్టుకోకు," అన్నాడు ఉప్పలయ్య. "ఉరకనీ."