వెంకటముని ఇస్తరిలో కాకరకాయ పులుసు

పెద్దలకు పెట్టుకునే రోజు వస్తోందంటే చెంగమ్మ ఇంట్లో పిల్లలకు గుండె గుభేలుమంటుంది. ఆ రోజు కాకరకాయ పులుసు తప్పదు. డెబ్బై ఒకటి యుద్ధంలో చనిపోయిన అన్న వెంకటమునికి అదంటే ప్రాణమని చెంగమ్మ నమ్మకం. పటం ముందు ఇస్తరాకులో పెట్టాక దాన్ని ఇంటిల్లిపాదీ తినాలి. మొహం చిట్లించినా నేరమే.

అన్న పట్టాళంలో చేరేనాటికి ఆమెకు పదేళ్లు. మూడేళ్లకు ఆయన పోయిన కబురూ, ఒక రేకుపెట్టే వచ్చాయి. తర్వాత పెళ్లయింది, పిల్లలయ్యారు, మనవరాలు ఐశ్వర్య శ్రీసిటీలో ఉద్యోగం కూడా చేస్తోంది. ఒక్క దిగులు మాత్రం పోలేదు. అంత దూరాన అన్నకు తను ఎప్పుడైనా గుర్తొచ్చిందా? పైకి అంటే ముసలిదానికి చాదస్తం అంటారని లోపలే దాచుకుని, ఈ ఏడు ఐశ్వర్యకు మాత్రం చెప్పింది.

ఐశ్వర్య ఊరుకునే రకం కాదు. పటాన్ని ఫోనులో ఫొటో తీసి మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపింది. మూడు నెలలకు చిత్తూరు నుంచి కుప్పుస్వామి అనే పెద్దాయన ఫోన్ చేశాడు. పట్టాళంలో వెంకటమునిదీ తనదీ పక్కపక్క మంచాలట. ఆ ఆదివారమే అవ్వా మనవరాలూ నగరిలో బస్సెక్కారు.

గడపలోనే కుప్పుస్వామి పకపకా నవ్వాడు. "నువ్వేనామ్మా కాకరకాయ సెల్లెలివి?"

చెంగమ్మ బిత్తరపోయింది.

"మంగళారం మంగళారం మెస్సులో కాకరకాయ పెడతా ఉండిరి. మీయన్న దాన్ని ముట్టేవాడే కాదు, నా పళ్లెంలోకి తోసేసేవాడు. 'మా సెల్లెలు చేసిన మొదటి వంట ఇదే కుప్పా. నోట్లో పెట్టుకోలేం. ఎట్లుండాదన్నా అని అది మొగంలోకి సూస్తా ఉంటే ఇంగేం చేసేది? రెండు తూర్లు ఏసుకోని తింటి. సెలవుకు పోయినా అదే చేసి పెడతాది' అని నవ్వేవాడు. మూడేండ్లూ ప్రతి మంగళారం ఇదే కత. మా బ్యారక్కులో నిన్ను ఎరగనోడు లేడు తల్లీ."

"యాభై ఏండ్లుగా ఆయనకు అదే పెడతా ఉండాం తాతా!" అంది ఐశ్వర్య. కుప్పుస్వామి దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"దొంగ! నా ముందర లొట్టలేసుకుంటా తినినాడే!" అంటూ చెంగమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ప్రతి మంగళవారం తలుచుకున్నాడన్నమాట. ఇన్నేళ్ల బరువు దిగిపోయి ఒళ్లు తేలికైంది.

"మరి మాయన్నకు ఏమంటే ఇష్టం?"

"జిలేబీ. నా వాటా ఇస్తానంటే నా వంతు కాపలా గూడా కాసేవాడు."

ఈసారి వెంకటముని పటం ముందు ఇస్తరి నిండా జిలేబీలే. పిల్లల ఆనందానికి పట్టపగ్గాలు లేవు. అంతలో చెంగమ్మ వంటింట్లోంచి చిన్న గిన్నెతో వచ్చింది.

"మళ్లీ ఎందుకవ్వా? ఆయనకు గిట్టదని తెలిసింది గదా!" అంది ఐశ్వర్య.

చెంగమ్మ ఇస్తరిలో ఒక మూలన గరిటెడు పులుసు వడ్డించింది.

"నేను చేసినానంటే తింటాడు లేవే."