మాట రాని పిల్ల మాట

“నీళ్లు అను తల్లీ. అంటే ఇచ్చేస్తాను.”

ఆరేళ్ల కూతురు నాన్న చొక్కా పట్టుకుని లాగుతోంది. దర్జీ పని చేసే ఆ నాన్న నీళ్ల గ్లాసును ఇంకాస్త పైకెత్తాడు. రాతిగుండె కాదు అతనిది. ఆటిజం ఉన్న పిల్లకు మాటలు నేర్పాలని ఎవరేది చెబితే అది చేసి చేసి, ఒంట్లో ఓపిక అడుగంటిపోయినవాడు. “అడక్కుండానే అన్నీ అమరిస్తే అది నోరెందుకు తెరుస్తుందిరా?” అని అతని అక్క అంది. భార్య ఆసుపత్రి డ్యూటీకి వెళ్లగానే ఇదొకటి మొదలుపెట్టాడు.

పిల్ల ఏడ్చింది, నేలమీద దొర్లింది, చివరికి చొక్కా వదిలేసింది. అలక తీరితే అదే దారికొస్తుందిలే అని అతను మిషను ముందు కూర్చున్నాడు. లోపల చప్పుడైతే వెళ్లి చూశాడు. బట్టలు నానబెట్టిన బకెట్టులోంచి పిల్ల దోసిలితో సబ్బునీళ్లు తాగుతోంది.

సాయంత్రం దాకా వాంతులే. మర్నాడు పిల్ల వెళ్లే శిక్షణ కేంద్రంలో టీచరమ్మకు జరిగిందంతా తల దించుకునే చెప్పాడు.

“చొక్కా లాగింది కదండీ, అది అడగడం కాదా?” అందావిడ మెల్లగా.

“మరి మాటెప్పుడొస్తుందమ్మా? ఇక నావల్ల కావడం లేదు.”

“రావచ్చు, రాకపోవచ్చు. మీకు అబద్ధం చెప్పలేను. ముందు దాహం తీర్చండి. గ్లాసిస్తూ మీరే ‘నీళ్లు’ అనండి, నీళ్ల బొమ్మ వేసిన అట్ట చూపించండి. ‘వద్దు’ అనడానికీ ఒక ఎర్ర అట్ట పెట్టండి. మీరూ మీ ఆవిడా వంతులేసుకుని కాస్త నడుం వాల్చండి.”

నెలలు గడిచాయి. అద్భుతాలేమీ జరగలేదు. బొమ్మల అట్టల్ని పిల్ల నమిలింది, విసిరికొట్టింది. మొగుడూ పెళ్లాలు మళ్లీ కత్తిరించి గోడకు అతికించారు. ఒకరు నేర్పుతుంటే ఇంకొకరు కునుకు తీశారు.

ఒకరోజు అక్క వచ్చింది. వస్తూనే మేనకోడల్ని ఒళ్లోకి లాక్కుని బుగ్గలు పుణకబోయింది. పిల్ల కొయ్యబారిపోయింది. తర్వాత చేతుల్లోంచి జారిపోయి, గోడమీది ఎర్ర అట్ట పీకి తెచ్చి మేనత్త చేతిలో పెట్టింది.

“ఇదేంటే?” అక్క నవ్వుతూ మళ్లీ చేతులు చాచింది.

“ఆగక్కా. వద్దంటోంది.”

“మేనత్తని, నన్నే వద్దంటుందా? ఇదేనా మీరు నేర్పింది?”

“ఇదేనక్కా,” అన్నాడతను. అలిసిన గొంతే గాని తడబడలేదు. “ఇన్నాళ్లకి ఒక మాట చెప్పింది. ఇది మనం వినకపోతే ఇంకోటి ఎందుకు చెబుతుంది? పిల్లకి మాట రావాలంటే, ముందు మనకి వినడం రావాలి.”